జాబిక్స్ రివ్యూ: ఎర్ర వరస పక్కన టిక్కు పెట్టినంత మాత్రాన డిస్కు ఖాళీ అవదు

2021 వేసవిలో ఒక శనివారం రాత్రి. మా నాక్ గదిలో, అంటే క్లయింట్ల సర్వర్లనీ లింకులనీ రాత్రింబగళ్లు కనిపెట్టి చూసే గదిలో, గోడ మీద పెద్ద స్క్రీన్. దాని మీద జాబిక్స్ ప్రాబ్లమ్స్ పేజీ. సర్వర్లనీ నెట్‌వర్క్‌నీ గమనిస్తూ తేడా వస్తే చెప్పే సాఫ్ట్‌వేర్ ఈ జాబిక్స్. అందులో ఒక వరస: గుంటూరు సర్వర్, డి డ్రైవ్ 91 శాతం నిండింది, స్టేటస్ ప్రాబ్లమ్, మొదలై 41 నిమిషాలు. వరస చివర టిక్కు. 2:47కి మా షిఫ్టులోని కుర్రాడు పెట్టిన టిక్కు అది. మెసేజ్ డబ్బాలో ఒకే మాట రాశాడు: "చూస్తున్నాం."

నిజంగానే చూశాడు. సర్వర్‌లోకి వెళ్లి పాత లాగ్ ఫైళ్లు తీసేద్దామంటే పర్మిషన్ లేదు. పొద్దున్నే క్లయింట్ వాళ్లని అడుగుదాంలే అనుకున్నాడు. ఈలోగా వేరే ఊళ్లో లింకు పడిపోతే ఆ పనిలో పడ్డాడు. 6:10కి డ్రైవ్‌లో ఒక్క ఎంబీ కూడా మిగల్లేదు. ఆ క్లయింట్‌వి డయాగ్నస్టిక్ సెంటర్లు. ఆదివారం పొద్దున పరగడుపున రక్తం ఇచ్చినవాళ్లు రిపోర్టుల కోసం కూర్చుని ఉన్నారు, ఒక్కటీ ప్రింటు కావట్లేదు. కౌంటర్‌లో ఉండే అమ్మాయి ఫోన్ చేసి, "మేడమ్, ఇక్కడ నలభై మంది ఉన్నారు, వాళ్లకి ఏం చెప్పమంటారు?" అని అడిగింది. ఆ గొంతు నాకింకా గుర్తుంది.

ఆ పొద్దున కూర్చుని ఆ సమస్య హిస్టరీ మొత్తం తిరగేశాను. సాఫ్ట్‌వేర్ తన పని తాను చేసింది. సరైన టైముకే ఎర్రబడింది, మాకు మెసేజ్ పంపింది. ఎవరూ అక్నాలెడ్జ్ చేయకపోతేనే, అంటే ఆ టిక్కు పెట్టకపోతేనే, గంట తర్వాత రెండో మెట్టులో ఆన్‌కాల్ ఇంజనీర్‌కి (అవసరమైతే ఇంటి దగ్గర్నుంచి లేపే మనిషికి) వెళ్లాలని అందులో షరతు పెట్టింది మేమే. టిక్కు పడింది కాబట్టి ఆ రెండో మెసేజ్ వెళ్లలేదు. టిక్కు అంటే "ఒక మనిషి చూశాడు" అని జాబిక్స్ లెక్క. మా గదిలో మాత్రం అందరం దాన్ని "ఇక దీని సంగతి అయిపోయింది" అని చదువుకున్నాం.

అందుకే ఈ రివ్యూలో గ్రాఫుల గురించీ, ఇన్‌స్టలేషన్ గురించీ ఎక్కువ రాయను. వాటి మీద రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఒక సమస్య పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా జాబిక్స్ దానికి ఏయే పేర్లు పెడుతుంది, ఆ పేర్లకి అసలు అర్థం ఏమిటి, వాటిని తప్పుగా చదివితే ఏమవుతుంది అన్నదే నాకు ముఖ్యం. నేను హైదరాబాదులో మాదాపూర్ వైపు ఒక చిన్న ఐటీ సర్వీసెస్ ఆఫీసులో షిఫ్ట్ లీడ్‌ని. 2020లో 5.0 వెర్షన్‌తో మొదలుపెట్టాం, 2023లో 6.4కి మారాం, ఇప్పుడు 7.0 మీద ఉన్నాం. సుమారు 600 హోస్టులు, అంటే మేం గమనించే సర్వర్లు, స్విచ్‌ల లాంటి పరికరాలు. ఎక్కువ భాగం కోస్తా జిల్లాల బ్రాంచీలవి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. జాబిక్స్ లాట్వియా దేశంలోని రీగా నగరం నుంచి వచ్చింది. అలెక్సేయ్ వ్లాదిషెవ్ అనే ఆయన మొదలుపెట్టారు, 2001లో అందరికీ విడుదల చేశారు, 2005లో దానికో కంపెనీ ఏర్పడింది. ఓపెన్ సోర్స్. ఇన్ని సర్వర్లకి ఇంత అని లైసెన్స్ డబ్బులు ఉండవు, 600 హోస్టులు పెట్టినా 6 పెట్టినా సాఫ్ట్‌వేర్ ఉచితమే. కంపెనీ వాళ్ల సపోర్ట్ కావాలంటే దానికి డబ్బు కట్టాలి. మాలాంటి చిన్న ఆఫీసు దీన్ని ఎంచుకోవడానికి మొదటి కారణం అదే, దాచేదేం లేదు. ఇన్నేళ్లు దీంతోనే ఉండిపోవడానికి కారణం మాత్రం వేరు.

ఒక సమస్య గురించి జాబిక్స్ మూడు సంగతులు వేర్వేరుగా రాసుకుంటుంది. మిషన్‌కి ఇబ్బంది ఇంకా ఉందా లేదా అన్నది ఒకటి. మనిషెవరైనా దాన్ని చూశారా అన్నది రెండోది. ఇప్పుడు దాని గురించి జనాన్ని నిద్ర లేపాలా వద్దా అన్నది మూడోది. ప్రాబ్లమ్, రిజాల్వ్డ్ అనేవి మొదటిదానికి చెందిన పేర్లు. అక్నాలెడ్జ్ రెండోదానికి. సప్రెస్, అంటే కాసేపు కనబడకుండా దాచడం, మూడోదానికి. ఈ మూడూ ఒకదాంతో ఒకటి కలవవు. ఒక సమస్య ప్రాబ్లమ్‌గానే ఉండి, టిక్కు పడి, సప్రెస్ కూడా అయి ఉండొచ్చు. ఎవరూ చూడకుండానే, టిక్కు లేకుండానే రిజాల్వ్డ్ అయిపోనూ వచ్చు. కొత్తగా చేరిన పిల్లలకి మొదటి వారం నేను చెప్పేది ఇదొక్కటే. ఇది బుర్రకెక్కితే మిగతావి వాళ్లే నేర్చుకుంటారు.

మొదటిది చూద్దాం. ట్రిగ్గర్ అని ఒక షరతు రాస్తాం. డిస్కు 90 శాతం దాటితే, సీపీయూ అయిదు నిమిషాల పాటు 90కి తగ్గకుండా ఉంటే, ఇలా. షరతు నిజమైతే ప్రాబ్లమ్ పుడుతుంది. అబద్ధమైతే రిజాల్వ్డ్ అవుతుంది. అంతే. రిజాల్వ్డ్ అన్న పచ్చ అక్షరాల వెనక రిపేరు జరిగిందన్న హామీ ఏమీ లేదు. లెక్క ప్రకారం గీత దాటడం ఆగింది, అంతవరకే దానికి తెలుసు. 91లో ఉన్న డిస్కు 89కి వచ్చినా పచ్చబడుతుంది, మర్నాడు మళ్లీ 91కి పోతుంది.

మాకు ఒంగోలు సర్వర్ ఒకటి ఇలాగే ప్రాణం తీసేది. టెంపరరీ ఫైళ్లు వస్తూ పోతూ ఉండటంతో 90 గీత మీదే ఊగుతూ ఉండేది. ఒక్క రాత్రిలో 34 మెసేజ్‌లు, 17 ఎరుపు, 17 పచ్చ. తెల్లారేసరికి ఫోన్ మోగినా ఎవరూ తలెత్తడం మానేశారు. నన్ను భయపెట్టింది ఆ మౌనమే. దానికి మందు జాబిక్స్‌లోనే ఉంది. సమస్య పుట్టడానికి ఒక షరతు, పోవడానికి ఇంకో షరతు రాసుకునే వీలు ఇస్తుంది. 90 దాటితే పుట్టు, 85 కిందికి వస్తేనే పో అని రాశాం. మర్నాటి రాత్రి ఒక్కటంటే ఒక్క మెసేజ్ వచ్చింది, అది అసలైనదే. పాత ఫైళ్లు తీసేసేదాకా ఎర్రగానే నిలబడింది. జాబిక్స్ వాడుతూ ఈ రికవరీ షరతు ఒక్కసారి కూడా ముట్టుకోని టీములు నాకు తెలుసు. దయచేసి ముట్టుకోండి.

ఇంకో చిన్న విషయం. పచ్చబడిన వరస స్క్రీన్ మీద ఎప్పటికీ ఉండదు. డీఫాల్ట్‌గా అయిదు నిమిషాలు ఉండి పోతుంది, మొదటి రెండు నిమిషాలు మినుకు మినుకుమంటుంది. టీ తాగొచ్చేలోపు పుట్టి పోయిన సమస్య మీ కంటపడదు. పైన 'షో' దగ్గర హిస్టరీ అని ఎంచుకుంటే అప్పుడు కనిపిస్తుంది. ఆ అయిదు నిమిషాలను సెట్టింగ్స్‌లో పెంచుకోవచ్చు. మేం 30 చేసుకున్నాం.

ఇప్పుడు అక్నాలెడ్జ్. నన్నడిగితే జాబిక్స్‌లో అన్నిటికన్నా మంచి భాగం ఆ చిన్న అప్‌డేట్ కిటికీయే. వరస చివర అప్‌డేట్ అని నొక్కితే తెరుచుకుంటుంది. పైన మెసేజ్ డబ్బా, కింద హిస్టరీ, ఎవరు ఎప్పుడు ఏం చేశారో వరసగా. దాని కింద సివియారిటీ (సమస్య ఎంత తీవ్రమో చెప్పే స్థాయి) మార్చడానికి, సప్రెస్ చేయడానికి, అక్నాలెడ్జ్‌కి, క్లోజ్ చేయడానికి విడివిడి గళ్లు. టిక్కు పెట్టకుండా మెసేజ్ ఒక్కటే రాయొచ్చు. పెట్టిన టిక్కు వెనక్కి తీసుకోవచ్చు కూడా, అదీ హిస్టరీలో పడుతుంది. ఎవరూ ఏదీ చెరపలేని డైరీ లాంటిది ఆ హిస్టరీ. గుంటూరు డిస్కు సంగతి నాకు నిమిషాలతో సహా తెలిసిందంటే దాని చలవే.

ఆ ఆదివారం తర్వాత మా గదిలో రెండు మార్పులు చేశాం. రెండో మెట్టు ఆగడానికి టిక్కు చాలు అన్న షరతు తీసేశాం. టిక్కు ఉన్నా సరే, సమస్య హై స్థాయిలో ఉండి రెండు గంటలు దాటితే ఆన్‌కాల్‌కి వెళ్తుంది. రెండోది మెసేజ్ రాసే పద్ధతి. "చూస్తున్నాం", "చెక్ చేస్తున్నా" లాంటివి మా దగ్గర నిషేధం. ఏం చేశావు, ఇప్పుడు బంతి ఎవరి దగ్గర ఉంది, మళ్లీ ఎన్నింటికి చూస్తావు, ఈ మూడూ ఉండాలి. "లాగ్‌లు తీయబోతే పర్మిషన్ లేదు, క్లయింట్ అడ్మిన్‌కి ఫోన్ చేశా ఎత్తలేదు, 3:30కి మళ్లీ చేస్తా." ఆ రాత్రి ఈ ఒక్క వాక్యం రాసి ఉంటే 3:30కి ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని ఫోన్ చేసేవాళ్లు. ఆ కుర్రాడిని నేను తిట్టలేదు. వాడికి టిక్కు అంటే ఏమిటో చెప్పాల్సింది నేను, చెప్పలేదు. ఇప్పుడు కొత్తవాళ్లకి పాఠం చెప్పేది వాడే.

మాన్యువల్ క్లోజ్ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ట్రిగ్గర్‌లో అనుమతి ఇస్తేనే క్లోజ్ గడి పనిచేస్తుంది, లేకపోతే బూడిద రంగులో ఉండిపోతుంది. మొదట్లో మేం అన్ని ట్రిగ్గర్లకీ అనుమతి ఇచ్చేశాం. ఫలితం ఏమైందంటే, షిఫ్టు దిగేముందు పేజీ శుభ్రంగా కనబడాలని ఎర్ర వరసలు మూసేయడం అలవాటైంది. క్లోజ్ నొక్కగానే స్టేటస్ కాసేపు క్లోజింగ్ అని చూపించి, సర్వర్ దాన్ని అందుకోగానే రిజాల్వ్డ్ అవుతుంది. కానీ డిస్కు 91లోనే ఉంటే? తర్వాతి లెక్క రాగానే షరతు మళ్లీ నిజమవుతుంది, కొత్త సమస్య పుడుతుంది. కొత్త టైము, కొత్త వయసు. మూడు రోజులుగా ఉన్న రోగం పొద్దున షిఫ్టుకి రెండు నిమిషాల పసిగుడ్డులా కనబడుతుంది. దాని పాత మెసేజ్‌లన్నీ పాత సమస్యతో పాటే పోతాయి. అంతకన్నా నష్టం ఇంకోటి లేదు.

అలాగని క్లోజ్ పనికిరానిదని కాదు. కొన్నిటికి అదే దారి. రేపల్లె బ్రాంచీలో యూపీఎస్ కరెంటు పోగానే ఎస్ఎన్ఎంపీ ట్రాప్ (పరికరం తనంతట తాను పంపే కబురు) పంపేది, "బ్యాటరీ మీద నడుస్తున్నా" అని. కరెంటు వచ్చాక మాత్రం వచ్చిందని తిరిగి చెప్పేది కాదు. అలాంటిదానికి సమస్య పోయే షరతు మనం రాయలేం. ఓకే ఈవెంట్ ఏదీ వద్దు, అంటే దానంతటది పచ్చబడక్కర్లేదు, అని పెట్టి, బ్రాంచీకి ఫోన్ చేసి కరెంటు వచ్చిందో లేదో అడిగి, అప్పుడు చేత్తో మూసేస్తాం. ఇప్పుడు మా దగ్గర క్లోజ్ అనుమతి ట్రాప్‌లకీ, లాగ్ మెసేజ్‌ల మీద పుట్టే ట్రిగ్గర్లకీ మాత్రమే ఉంది. డిస్కు, సీపీయూ, పింగ్ లాంటి కొలిచే వాటికి తీసేశాం. అవి బాగుపడితే వాటంతటవే పచ్చబడాలి, మనం రంగు వేయకూడదు.

సప్రెస్ అన్నది మెయింటెనెన్స్‌తో మొదలవుతుంది. ఆదివారం రాత్రి 2 నుంచి 4 వరకు ప్యాచింగ్ (సర్వర్లకి అప్‌డేట్లు వేయడం) ఉందనుకోండి, ఆ సర్వర్లకి మెయింటెనెన్స్ పీరియడ్ పెడతాం. డేటా తీసుకుంటూనే ఉండు అని ఎంచుకుంటే సమస్యలు మామూలుగానే పుడతాయి, కానీ సప్రెస్డ్ అని ముద్ర పడి పేజీలో కనబడవు, మెసేజ్‌లు ఆగుతాయి. చూడాలంటే 'షో సప్రెస్డ్ ప్రాబ్లమ్స్' గడి టిక్ చేయాలి. 4 దాటాక కూడా సమస్య అలాగే ఉంటే ముద్ర తొలగి బయటికి వస్తుంది, ఆగిన మెసేజ్‌లు అప్పుడు మొదలవుతాయి. చాలా పెద్దమనిషి తరహా ఏర్పాటు ఇది. మన పని మనల్ని చేసుకోనిస్తుంది, చివర్లో మిగిలింది గుర్తుచేస్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, ఎందుకైనా మంచిదని మెయింటెనెన్స్‌ని పొద్దున 9 దాకా పెట్టేవాళ్లు ఉంటారు. ఆ అయిదు గంటలు మనం కళ్లు మూసుకుని ఉన్నట్టే.

6.2 నుంచి ఒక్కో సమస్యని చేత్తో కూడా సప్రెస్ చేయొచ్చు. ఫలానా టైము వరకు అనో, ఎప్పటికీ అనో. నా సలహా: టైము పెట్టండి. చీరాలలో ఒక ప్రింట్ సర్వర్ హార్డ్ డిస్కు మార్చాలి, కొత్తది గురువారం వస్తుంది అనుకుందాం. గురువారం సాయంత్రం 5 వరకు సప్రెస్, మెసేజ్‌లో కారణం. అయిదింటికి అదే లేచి కూర్చుంటుంది. "ఎప్పటికీ" అని నొక్కిన వాటిని నేను నెలకోసారి వెతికి బయటికి తీస్తాను. ప్రతిసారీ ఏదో ఒకటి దొరుకుతుంది.

ఇక 6.4లో వచ్చిన కాజ్, సింప్టమ్ అనే పద్ధతి. అసలు కారణమైన సమస్య కాజ్, దానివల్ల పుట్టినవి సింప్టమ్స్. దీన్ని నేను కొత్త ఫీచర్‌గా చదివి వదిలేశాను. 2023 డిసెంబర్ 5న దాని విలువ తెలిసింది. మిచౌంగ్ తుపాను ఆ రోజు మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. మా క్లయింట్‌కి బాపట్ల, చీరాల, రేపల్లె, ఒంగోలు అన్ని చోట్లా సెంటర్లున్నాయి. పొద్దుటి నుంచే వరసలు మొదలయ్యాయి. ఒక సెంటర్‌లో లింకు పోతే దాని వెనకున్న స్విచ్, సర్వర్, కెమెరా రికార్డర్, రెండు మూడు పీసీలు, ప్రింటర్, హాజరు మిషన్, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఎర్రబడతాయి. మధ్యాహ్నానికి పేజీలో 63 వరసలు. నిజానికి విరిగింది నాలుగు లింకులు. ఆ నాలుగూ ఏవో ఆ 63లో వెతుక్కోవాలి. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, గదిలో అందరికీ టెన్షన్.

మా కుర్రాడే అన్నాడు, "అక్కా, మొన్న అప్‌గ్రేడ్ చేసినప్పుడు ఏదో గ్రూపు చేసే పద్ధతి వచ్చిందన్నావు కదా" అని. బాపట్లకి సంబంధించిన వరసలన్నీ గళ్లలో టిక్ చేసి, బాపట్ల లింకు వరస మీద నొక్కి, ఎంచుకున్నవి దీని సింప్టమ్స్ అని పెట్టాం. రెండు మూడు సెకన్లలో 15 వరసలు ఒక్క వరస కిందికి మడతపడ్డాయి. ముందు 14 అన్న అంకె, పక్కన చిన్న బాణం. అలాగే మిగతా మూడు. పేజీలో నాలుగు వరసలే మిగిలాయి. సింప్టమ్స్‌కి మెసేజ్‌లు ఆపమని యాక్షన్‌లో (ఎవరికి ఎప్పుడు మెసేజ్ వెళ్లాలో రాసే చోట) ఒక గడి ఉంది, అదీ పెట్టాం. ఆ క్షణం గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. లింకులు బాగుచేసే పని మా చేతుల్లో లేదు, గాలి తగ్గాక లైన్‌మన్‌లు చేయాల్సిందే. కానీ ఎవరైనా ఫోన్ చేస్తే ఏ ఊరు ఎందుకు ఆగిందో ఒక్క చూపులో చెప్పగలిగాం.

అసలు పాఠం మర్నాడు రాత్రి దొరికింది. బాపట్ల లింకు వచ్చింది, కాజ్ వరస పచ్చబడింది. అందరం హమ్మయ్య అనుకున్నాం. నేను ఎందుకో ఆ బాణం నొక్కి విప్పి చూశాను. 14లో 13 పచ్చగా ఉన్నాయి, ఒకటి ఎర్రగా ఉంది. రక్త పరీక్షల మిషన్‌కి కట్టిన పీసీ. కాజ్ పోయినంత మాత్రాన సింప్టమ్‌లను జాబిక్స్ తనంతట తాను మూసేయదు, ఒక్కోదాని షరతు దానిదే. అది సరైన పద్ధతి అని నేను నమ్ముతాను. ఆ పీసీ కరెంటు పోయి వచ్చాక మళ్లీ ఆన్ కాలేదంతే. సెంటర్ వాచ్‌మన్‌కి ఫోన్ చేస్తే, "ఏ డబ్బా అమ్మా? నీలం లైటుదా?" అని అడిగి బటన్ నొక్కాడు. ఆరు నిమిషాలకి పచ్చబడింది. పొద్దున ఏడింటికి శాంపిళ్లు మొదలయ్యేసరికి మిషన్ సిద్ధంగా ఉంది. విప్పి చూడకపోతే, మళ్లీ నలభై మంది కౌంటర్ దగ్గర.

ఇలా చేత్తో కలిపే బదులు డిపెండెన్సీ ముందే రాసుకోవచ్చు. రౌటర్ పడితే దాని వెనకవాటికి సమస్య పుట్టనే పుట్టదు. మేం ఇప్పుడు రెండూ వాడుతున్నాం. ఎప్పుడూ మారని అమరికకి డిపెండెన్సీ, తుపాను లాంటి అనుకోని రోజుకి కాజ్, సింప్టమ్. డిపెండెన్సీలో సమస్య రికార్డే ఉండదు కాబట్టి తర్వాత విప్పి చూసేదేం ఉండదని గుర్తుపెట్టుకోవాలి.

లోటుపాట్లు కూడా చెప్పాలి. పచ్చగా ఉన్నదంతా బాగున్నట్టు కాదన్నది మొదటిది. సర్వర్‌లో కూర్చుని కొలతలు పంపే చిన్న ప్రోగ్రామ్‌ని ఏజెంట్ అంటారు. అది ఆగిపోతే డిస్కు కొలతలు రావు. కొలత రాకపోతే షరతు మళ్లీ లెక్కకి రాదు. డిస్కు నిండిపోతూ ఉన్నా, కొత్త ప్రాబ్లమ్ పుట్టదు. ఉన్న ప్రాబ్లమ్ అయినా అలాగే నిలబడిపోతుంది. దీనికి నోడేటా అనే ఫంక్షన్ ఉంది, "ఇన్ని నిమిషాలుగా ఏ కబురూ లేదు" అన్నదాన్నే సమస్యగా చూపిస్తుంది. రెడీమేడ్ టెంప్లేట్లలో (ఏం కొలవాలో, ఏ ట్రిగ్గర్లు పెట్టాలో ముందే రాసిపెట్టిన మూసల్లో) ఏజెంట్ అందుబాటులో లేదని చెప్పే ట్రిగ్గర్ ఉంటుంది. సొంతంగా టెంప్లేట్ రాసుకునేవాళ్లు దీన్ని మరిచిపోతారు. కబురు లేకపోవడం కూడా కబురే కదా.

ఈ సమస్య ఎవరికి అప్పగించాం అని రాయడానికి జాబిక్స్‌లో గడి లేదు. పని జరుగుతోంది, ఎదురుచూస్తున్నాం లాంటి మధ్య స్థాయిలూ లేవు. ఉన్నదల్లా టిక్కు, మెసేజ్. 7.0లో నేను అక్నాలెడ్జ్ చేసినవి మాత్రమే చూపించు అని వడపోయొచ్చు, కొంత నయం. మిగతాదానికి టికెట్ సిస్టమ్ (ఏ పని ఎవరి దగ్గర ఉందో రాసుకునే వేరే సాఫ్ట్‌వేర్) కలుపుకోవాల్సిందే. కలిపాక ఇంకో చిక్కు వస్తుంది, పేర్ల చిక్కు. జాబిక్స్ ప్రాబ్లమ్ అనేదాన్ని ఐటిఐఎల్ అనే ఐటీ సేవల నిర్వహణ పద్ధతిలో పనిచేసేవాళ్లు ఇన్సిడెంట్ అంటారు. వాళ్ల ప్రాబ్లమ్ అంటే మూలకారణం, వారాల తరబడి తెరిచే ఉండొచ్చు. క్లయింట్ మేనేజర్ ఫోన్ చేసి "ప్రాబ్లమ్ క్లోజ్ అయిందా?" అంటే మా పిల్లలు స్క్రీన్ చూసి "అయింది సార్" అనేవాళ్లు. ఆయన అడిగింది డిస్కు ఎందుకు నిండుతోందో తేలిందా అని. ఇప్పుడు "పచ్చబడింది సార్, కారణం ఇంకా వెతుకుతున్నాం" అని చెప్పమంటున్నాను. తెలుగులో చెబితే ఎవరికీ అయోమయం ఉండటం లేదు.

సివియారిటీ ఆరు స్థాయిలు. నాట్ క్లాసిఫైడ్, ఇన్ఫర్మేషన్, వార్నింగ్, ఏవరేజ్, హై, డిజాస్టర్. ఏవరేజ్ అన్న మాట వినగానే మనవాళ్లకి "పర్లేదు, మామూలే" అనిపిస్తుంది. అది వార్నింగ్ కన్నా పైది. పేర్లు మార్చుకునే వీలుంది, మేం మార్చుకున్నాం.

జాబిక్స్ లాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్, నాగియోస్ మీద నేను మూడేళ్లు పనిచేశాను. అందులో సాఫ్ట్, హార్డ్ అని రెండు దశలుంటాయి. ఒకసారి ఫెయిలైతే సాఫ్ట్, ఇన్నిసార్లు వరసగా ఫెయిలైతే హార్డ్, అప్పుడే మెసేజ్. ఇదే కోవకి చెందిన ప్రోమిథియస్‌లో పెండింగ్, ఫైరింగ్ అని దాదాపు అదే ఆలోచన. జాబిక్స్‌లో ఈ మధ్య దశ లేదు. అయిదు నిమిషాలు వరసగా ఉంటేనే అని షరతులోనే మనం రాసుకోవాలి. మొదట్లో నాగియోస్ పద్ధతి కోసం ప్రాణం కొట్టుకునేది. ఇప్పుడు ఎర్ర వరస కనబడితే అది నిజంగా ఎర్రదే అన్న నమ్మకం ఇష్టంగా ఉంది, కాకపోతే ఆ నమ్మకం రావాలంటే ట్రిగ్గర్లు ఒక్కొక్కటీ కూర్చుని సరిచేసుకోవాలి. మాకు దాదాపు ఏడాది పట్టింది.

ఎవరికి కొనమంటాను, అంటే ఎవరికి పెట్టుకోమంటాను? లైనక్స్, డేటాబేస్ తెలిసిన మనిషి ఒక్కరైనా ఉండి, ట్రిగ్గర్ల మీద కూర్చునే ఓపిక ఉన్న ఆఫీసుకి కళ్లు మూసుకుని చెబుతాను. ఇన్‌స్టాల్ చేసి టెంప్లేట్లు తగిలించి వదిలేద్దామనుకునేవాళ్లకి వద్దు. నెల తిరిగేసరికి గోడ నిండా ఎర్ర వరసలుంటాయి, వాటిని ఎవరూ చూడరు. అయిదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర, అప్పగింత గడి వచ్చినరోజు ఇస్తాను.

మా గదిలో పొద్దున ఆరింటికి షిఫ్టు మారేటప్పుడు చేసేది చెప్పి ముగిస్తాను. ముందు టిక్కు లేనివి వడపోసి చూస్తాం, అవి ఎవరూ చూడనివి. తర్వాత టిక్కు ఉన్నా రెండు గంటలు దాటినవి, ఒక్కోదాని మెసేజ్ గట్టిగా చదువుతాం. తర్వాత సప్రెస్డ్ గడి టిక్ చేసి, ఏది ఎప్పుడు లేస్తుందో చూసుకుంటాం. మడతపడ్డ వరసలన్నీ బాణం నొక్కి విప్పుతాం. చివరికి హిస్టరీ తెరిచి రాత్రంతా పుట్టి పోయినవి చూస్తాం. పన్నెండు నిమిషాల పని. నిన్న పొద్దున తెనాలి వరస దగ్గర మెసేజ్ ఇలా ఉంది: "బ్యాకప్ ఫైళ్లు వేరే డ్రైవ్‌కి మారుస్తున్నా, సగం అయింది, 6:30కి 80 కిందికి రావాలి, రాకపోతే ఆన్‌కాల్‌కి ఫోన్ చేయండి." దిగే షిఫ్టు వెళ్లిపోయింది. 6:24కి వరస పచ్చబడింది.